పలకంత చోటు

ధర్మవరం నుంచి నెలకోసారి పట్టుచీరల మూటతో మా ఇంటికి వచ్చే చీరలాయన పోయిన శుక్రవారం వచ్చాడు. మూట దించి, మంచినీళ్ళు తాగి, ముడి విప్పకముందే అన్నాడు.

"మా వీధి రంగులాయన పోయినాడు సార్. మీ నాటకశాల గోడలకు పని చేసినాడే, ఆయప్ప."

"ఎప్పుడు?"

"నెలయింది. పొద్దున్నే లేచి పలక మీద ఏదో రంగు పూసి ఎండకు పెట్టినాడంట. అది ఆరేలోపలే పోయినాడు."

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ఒక్క రోజు తప్పలేదు. చీరలాయన వెళ్ళాక బీరువాలోంచి ఆ రోజుల డైరీలు తీసి, ఆయన కనిపించిన పేజీలన్నిటిలో కాగితం ముక్కలు పెట్టుకుంటూ పోయాను. నలభై దాకా అయ్యాయి. ఒక్క పేజీలో కూడా ఆయన గురించి మంచి మాట లేదు. "ఈ రోజూ తప్పించుకున్నాడు", "మాట మార్చాడు", "గమనించాలి" - ఇవీ నేను రాసుకున్నవి. పేరు కూడా రాయలేదు. ఊరందరిలాగే రంగులాయన అనే రాశాను. ఇక్కడా అలాగే ఉండనిస్తాను.

యాభయ్యో దశకం చివర్లో నేను హిందూపురం తాలూకా ఆఫీసులో గుమాస్తాను. మినిట్సు చక్కగా రాస్తానని మా ఊరి నాటకశాల కమిటీకి నన్ను కార్యదర్శిగా పెట్టుకున్నారు. అధ్యక్షుడు బెల్లం మండీ యజమాని. ఆయన తాతల కాలంలో నాటకశాల లోపల గోడల వెంట రంగుల అంచు ఉండేదని, తర్వాత ఎవరో సున్నం కొట్టించేశారని ఇంట్లో చెప్పుకునేవారట. మళ్ళీ అచ్చం అలాగే వేయించాలని ఆయనకు పట్టుదల పుట్టింది. పెనుకొండలో పాత చర్చి గోడలకు నమూనాలు వేసినాయన ఒకడున్నాడని ఎవరో చెబితే కబురు పెట్టాడు.

రంగులాయన వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అధ్యక్షుడికి నమస్కారం పెట్టకుండా నేరుగా గోడ దగ్గరికి పోయాడు. జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించాడు. సంచిలోంచి చీల్చిన వెదురుపుల్ల తీశాడు. దాని కొనలో సగం బ్లేడు ఇరికించి ఉంది. తడిగుడ్డతో గోడను అద్ది, తపాలా బిళ్ళంత మేర గీకాడు. రాలిన పొడిని కాగితంలో పట్టుకుని, చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు.

"ఏమప్పా, ఆకలయితాందా?" అన్నాడు అధ్యక్షుడు. అందరం నవ్వాం.

"చింతపిక్కల జిగురు సార్," అన్నాడాయన, నవ్వకుండా. "ఇది మనవాళ్ళ పనే. బయటోళ్ళయితే తుమ్మబంక కలిపేవాళ్ళు."

వంగి చూశాను. ఇటుకరంగు మరక ఒకటి, నీలమో బూడిదో తెలియని మరక ఇంకొకటి. అంతే. వాటిలో ఆయనకు ఏం కనిపించిందో నాకు కనిపించలేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

ఆయన పని అంతా నమూనాలే. జానెడు వెడల్పు టేకు పలకలు, పాత పట్టుగుడ్డలో చుట్టి తెచ్చేవాడు. ఒక్కో రంగుకు మూడేసి పలకలు. అధ్యక్షుడి ముందు వరసగా పేర్చి చెప్పేవాడు. "ఇది కొత్తలో ఉన్న రంగు సార్. ఇది ఇప్పుడు గోడలో ఉండే రంగు. ఈ మూడోది మీరు ఒప్పుకునే రంగు."

"మేం ఒప్పుకునేది నీకెట్ల తెలుసప్పా?"

"మీ మండీకి వేయించిన రంగు చూసినా సార్."

రంగు పూసిన రోజున ఎవరినీ చూడనిచ్చేవాడు కాదు. పలకను గోడ వైపు తిప్పి పెట్టేవాడు. సున్నంలో కలిపిన రంగు తడిగా ఉన్నప్పుడు ఒకటి, ఆరాక ఇంకొకటి అనేవాడు. "ఇయ్యాల కాదు సార్, రేపు రాండి." రేపు పోతే, "మబ్బుగా ఉండాది. ఎల్లుండి పొద్దున రాండి." నా డైరీలో వరసగా పదకొండు రోజులు ఒకటే మాట ఉంది. "రేపు అన్నాడు." పనిరాని వాడు రోజులు గడపడానికి వేసే ఎత్తు అనే అనుకున్నాను. పలక వెనక సన్నని పెన్సిలు అక్షరాలతో ఏదో రాసేవాడు. అదేమిటని కూడా ఎప్పుడూ తిప్పి చూడలేదు.

ఇంకో అలవాటు. పిడికిలి బిగించి, అందులో వేలు దూరేంత సందు చేసి, ఆ సందులోంచి గోడను చూసేవాడు. ఒక రంగును చూడాలంటే పక్క రంగు కంటబడకూడదట. నాటకశాల మధ్య నిలబడి, ఒక కన్ను మూసి, పిడికిలి కంటికి ఆనించుకుని పావుగంట కదిలేవాడు కాదు. చూసేవాళ్ళకు ఎవరి మీదో గురి పెట్టినట్టు ఉండేది.

గీకిన పొడినంతా చిన్న పొట్లాలు కట్టి చొక్కా జేబులో వేసుకునేవాడు. పాత గోడల సున్నం కింద బంగారు నీళ్ళ పూత ఉంటుందని ఊళ్ళో ఒక మాట. మొదట్లో నేను పట్టించుకోలేదు. తర్వాత లెక్క పెట్టడం మొదలుపెట్టాను. ఒకరోజు ఏడు పొట్లాలు. గుమ్మం దగ్గర ఆపి అడిగాను.

"జేబులో ఏముండాదప్పా?"

ఏడూ తీసి అరుగు మీద వరసగా పెట్టి విప్పాడు. సున్నప్పొడి. ఒకదానిలో చిన్న సాలీడు చచ్చి ఉంది.

"ఇది ఉత్తరం గోడది, ఇది దక్షిణం గోడది," అన్నాడు. "కావాలంటే మీరే పెట్టుకోండి సార్. కానీ కలిపేయాకండి."

ఆ రోజు డైరీలో "పొట్లాలు చూశాను, ఏమీ లేదు" అని రాశాను. కింద మళ్ళీ, "ఈ రోజుకు" అని చేర్చాను.

అసలు పట్టు నాకు మా ఇంట్లోనే దొరికింది. అంచు మొత్తం వేసిన పలక ఒకటి అధ్యక్షుడు చూశాక నేను ఇంటికి తెచ్చాను. దానిమ్మ మొగ్గ, పక్కన మూడు ఆకులు, మళ్ళీ మొగ్గ. ప్రతి మొగ్గ కొనా కొంచెం ఎడమకు వంగి ఉంటుంది. మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇదేందండీ, నా పెండ్లి చీర అంచు చెక్క మీదికి ఎక్కింది?"

చీర తీయించి పక్కన పెట్టి చూశాను. అదే మొగ్గ, అవే మూడు ఆకులు, ఎడమకు అదే వంపు. రంగులాయన ఇల్లు ధర్మవరం మగ్గాల వీధిలో. గోడలో దొరికింది అంటూ తన వీధిలో నేసే చీర అంచును మా గోడకెక్కిస్తున్నాడన్న మాట. అంతవరకు అనుమానం. ఇప్పుడు ఆధారం.

అయినా తొందరపడకూడదని, ఆఫీసు పని మీద పెనుకొండ వెళ్ళినప్పుడు చర్చికి పోయాను. తలుపు వెనక గోడ మీద ఆయన వేసిన నమూనాలు నాలుగు ఉన్నాయి. ద్రాక్షతీగ, గోధుమ కంకులు, పైన నీలం. పక్కనే గీకి తెరిచిన పాత రంగు కొంచెం. రెండూ ఒకటేనా కాదా అని చాలాసేపు చూశాను. ఔననీ అనలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. చర్చి అయ్యగారు పెద్దాయన, మెత్తని మనిషి.

"మా సంఘంలో సగం మంది శుభ్రంగా ఆయిల్ పెయింటు వేయించేద్దాం అంటాండారు," అన్నాడు. "నాకేమో కింద ఉండేది పోగొట్టుకోవాలని లేదు. మీ నాటకశాల పని ముగిసినాక మీ కమిటీ ఒక్క ఉత్తరం రాసిస్తే, అది చూపించి ఈయప్పకే పనిస్తా. ఆ ఒక్క ఉత్తరం కోసమే ఆగి ఉండాను."

రంగులాయనకు ఆ సంగతి తెలుసు. మా నాటకశాల చిన్న పని. చర్చి పెద్ద పని. ఏండ్ల తరబడి సాగేది. దాని కోసమే ఆయన మా దగ్గర ఇంత ఓపికగా ఉన్నాడని అప్పుడు అర్థమైంది. అది కూడా నేను ఆయనకు వ్యతిరేకంగానే రాసుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం రైలెక్కి, చెప్పకుండా ధర్మవరం వెళ్ళాను. ఒక్క గది ఇల్లు. గోడలకు సున్నం తప్ప ఏ రంగూ లేదు. దండెం మీద గుడ్డలకు బదులు గ్రాఫు కాగితాలు వేలాడుతున్నాయి. వాటి నిండా చీరల అంచులు. పని లేని రోజుల్లో నేతగాళ్ళకు డిజైన్లు గీసి ఇస్తాడట. మూడో కాగితం మీద దానిమ్మ మొగ్గ ఉంది.

"ఇది చీర అంచే కదప్పా?"

"ఔను సార్."

"మరి గోడలో దొరికిందంటివే?"

"గోడలోనూ అదే ఉండాది సార్."

"ఏది ముందు? గోడనా, చీరనా?"

ఆయన కాగితాన్ని దండెం మీద సరిచేశాడు. "అది నాకెట్ల తెలుస్తాది సార్? నేను పుట్టేటప్పటికి రెండూ ఉండాయి. గోడ మీద ఉన్నది ఉన్నట్టు గీసినా. అంతవరకే నా పని."

ఇంత మొండిగా, ఇంత నింపాదిగా అబద్ధమాడేవాణ్ణి చూడలేదు అనుకుంటూ తిరుగు రైలెక్కాను.

ఆయన నాలుగు గోడల వెంటా అంచు వేసేశాడు. పాత రంగు పొడిపొడిగా రాలిపోతుందని, జానెడేసి మేర తెరిచి, దాని అచ్చు కాగితం మీదికి ఎత్తుకుని, గీకేసి, కొత్త సున్నం మీద మళ్ళీ వేశాడు. తెరిచినప్పుడు దగ్గరికి పోయి చూసినవాళ్ళం మాలో ఎవరమూ లేము. బాగుందని నాకూ తెలుసు. ప్రారంభోత్సవానికి నాలుగు రోజులుండగా, తల్లికి ఒంట్లో బాగలేదని ధర్మవరం పోయాడు. నేను జాబితా చేతిలో పట్టుకుని తనిఖీకి బయలుదేరాను. ఆడవాళ్ళు కూర్చునే వైపు, తలుపు పక్కన, భుజమెత్తులో, పిల్లలు రాసుకునే పలకంత చోటు వదిలేసి ఉంది. మురికిగా, పెచ్చులు లేచి, పొగచూరి ఉంది. చుట్టూ పెన్సిలుతో సన్నని గీత. సబ్ కలెక్టరు వస్తున్న రోజు గోడలో ఇదా? పని ఎగ్గొట్టిన చోటు దొరికింది అనుకున్నాను. దగ్గరగా వంగి చూడను కూడా లేదు. సున్నం కొట్టేవాణ్ణి పిలిపించి రెండు పూతలు వేయించాను. "లోపం సరిచేయించాను" అని డైరీలో ఉంది. అక్షరాలు గుండ్రంగా, తృప్తిగా ఉన్నాయి.

ప్రారంభోత్సవం ముగిసిన మర్నాడు పొద్దున, నాటకశాలలోనే కమిటీ కూర్చుంది. రంగులాయన కూడా వచ్చాడు. ఉత్తరం సంగతి రాగానే నేను లేచి చీర సంగతి చెప్పాను. చీరా పలకా రెండూ బల్ల మీద పెట్టాను. అధ్యక్షుడి ముఖం మారిపోయింది.

"మా తాతల నాటిది అడిగితే చీర అంచు వేసిపెడితివా? ఊళ్ళో నవ్వరాప్పా?"

రంగులాయన కంగారు పడలేదు. "నా మాట నమ్మొద్దు సార్. పాతది పలకంత చోటు ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టినా. రాండి, చూస్కోండి."

అందరం లేచి ఆడవాళ్ళ వైపు వెళ్ళాం. ఆయన ముందు నడిచాడు. గోడ దగ్గర ఆగిపోయాడు. తెల్లగా, నున్నగా ఉంది. పెన్సిలు గీత కూడా లేదు. ఆయన చెయ్యి అక్కడ ఆనించి అలాగే ఉంచాడు.

"నేనే కొట్టించాను," అన్నాను. "పని మిగిలిపోయిందనుకుని."

"అదేముంది, గీకి చూపించు," అన్నాడు అధ్యక్షుడు. "బ్లేడు నీ దగ్గరే ఉండాది కదా."

ఆయన సంచిలోంచి వెదురుపుల్ల తీశాడు. వేలు తడిచేసి గోడను తాకి చూశాడు. పిడికిలి కంటికి పెట్టుకుని చూశాడు. తర్వాత పుల్లను మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

"పచ్చి సున్నం సార్. కింది రంగును పట్టుకోనుంటాది. ఇప్పుడు గీకితే రెండూ కలిసి వచ్చేస్తాయి. ఆ పాతది ఈ నాటకశాలలో మిగిలింది ఇది ఒక్కటే. బాగా ఆరితే, అదే పొరగా లేస్తాది."

"ఎన్నాళ్ళకు?"

"గోడ ఇష్టం సార్. ఏండ్లు పట్టొచ్చు."

"బలే సాకు దొరికిందే!" అన్నాడు అధ్యక్షుడు. మిగతావాళ్ళు నవ్వారు. "అంతవరకు నిన్నెట్ల నమ్మేదప్పా?"

"నమ్మాకండి సార్. గోడ యాడికీ పోదు కదా."

బ్లేడు ఒక్కసారి ఆడించి ఉంటే, ఎంతో కొంత కనిపించేది. ఆయనకు ఉత్తరం వచ్చేది. చర్చి పని వచ్చేది. ఆయన గీకలేదు. గీకితే బండారం బయటపడుతుందనే గీకలేదని నేను రాసుకున్నాను.

అందరూ వెళ్ళాక, పలకలు గుడ్డలో చుట్టుకుంటున్న ఆయనతో అన్నాను. "అది వదిలిపెడుతున్నానని ముందే చెప్పొచ్చు కదా."

"చెప్తే మీరు నమ్మేవాళ్ళా సార్?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "నా మాట నమ్మనోళ్ళ కోసమే అది వదిలిపెట్టేది."

ఆ అంచు పలక ఒకటి మాత్రం తిరిగివ్వలేదు. ఆధారం కింద ఫైలులో పెట్టుకున్నాను.

కమిటీ ఉత్తరం ఇవ్వలేదు. కొన్ని వారాలకు చర్చి అయ్యగారే రాసి అడిగారు. జవాబు నేను రాశాను. దాని నకలు ఫైలులో ఉంది. "పనితనం బాగుంది. అయితే ఆయన వేసినది పాత డిజైనేనని మేము నిర్ధారించలేకపోయాము." ఆ రెండు వాక్యాలలో ఒక్క అబద్ధం లేదు. ఎన్నిసార్లు చదివినా లేదు. చదివిన అయ్యగారు ఏమనుకుంటారో తెలిసే రాశాను. తర్వాత ఒకసారి పెనుకొండ పోయినప్పుడు తలుపులోంచి తొంగి చూశాను. చర్చి లోపలంతా లేత ఆకుపచ్చ ఆయిల్ పెయింటు నిగనిగలాడుతోంది. తలుపు వెనక నాలుగు నమూనాలూ లేవు.

తర్వాత ఆయనను రెండుసార్లే చూశాను, రెండూ అరవయ్యో దశకంలోనే. ఒకసారి బత్తలపల్లి కూడలిలో బస్సు కోసం నిలబడ్డాను. టీ అంగడి బోర్డు మీద అక్షరాలు రాస్తున్నాడు. నన్ను చూసి నిచ్చెన దిగి వచ్చాడు. నలిగిన చొక్కా, వేళ్ళ సందుల్లో ఎర్రరంగు. ఎలా ఉన్నారని కూడా అడగలేదు.

"సున్నం ఆరిందా సార్?"

దెప్పుతున్నాడనుకున్నాను. "ఇంకా చూడలేదప్పా," అన్నాను ముక్తసరిగా.

"తొందరేం లేదు సార్," అని మళ్ళీ నిచ్చెనెక్కాడు.

రెండోసారి ధర్మవరం స్టేషన్‌లో. నేను రైలులో, ఆయన ప్లాట్‌ఫారం మీద. కిటికీ దగ్గరికి వచ్చి అదే మాట అడిగాడు. రైలు కదిలింది. నేను జవాబు చెప్పనక్కర్లేకపోయింది. ఆ నాటకశాల ముందు నుంచి రోజూ ఆఫీసుకు నడిచినవాణ్ణి, ఒక్కసారి లోపలికి పోయి చూడలేదు. తీరిక లేక కాదు. ఆయన దొంగ అని నమ్ముతూ ఉన్నంతకాలం నా ఉత్తరం సరైనదే.

పోయిన శుక్రవారం చీరలాయన చెప్పింది ఇంకొకటి ఉంది. మూట విప్పి మా కోడలికి చీరలు చూపిస్తూ ఒకటి పైకి తీశాడు. "ఇది నాటకం అంచమ్మా. పాత రకం. మళ్ళీ అడుగుతాండారు." దానిమ్మ మొగ్గ, మూడు ఆకులు, ఎడమ వంపు.

"నాటకం అంచు అని ఎందుకంటారు?" అన్నాను.

"మా తాత పెట్టిన పేరు సార్. మా అవ్వ పుట్టిల్లు హిందూపురం. చిన్నప్పుడు ఈడ నాటకశాలకు తీసకపోయేవాళ్ళంట. ఆడవాళ్ళ వైపు స్తంభం అడ్డం. నాటకం కనపడక గోడ చూస్తా కూర్చునేదంట. ఏం నాటకం అవ్వా అంటే చెప్పలేకపోయేది. అంచు మాత్రం పూస గుచ్చినట్టు చెప్పేది. ఆమె ముగ్గు మాదిరి గీసి చూపిస్తే తాత మగ్గం మీదికి ఎత్తినాడు. ఇదంతా మా నాయన పుట్టకముందు మాట. రంగులాయన కంటే మా నాయన పెద్ద."

నేను లెక్క వేసుకున్నాను. రంగులాయన కూడా అప్పటికి పుట్టలేదు.

మర్నాడు పొద్దున నాటకశాలకు వెళ్ళాను. ఇప్పుడది మూతపడి, కుర్చీలు పేర్చిన గది. ఆయన వేసిన అంచు మీద కూడా ఎన్నోసార్లు సున్నం పడింది. వాచ్‌మన్ తలుపు తీశాడు. ఫైలులోని పలకను మొదటిసారి వెనక్కి తిప్పి చదివాను. "ఆడవాళ్ళ వైపు. తలుపు నుంచి రెండు మూరలు. నా భుజమెత్తు. పొద్దున చూడాల." నా డైరీ కంటే పద్ధతిగా ఉంది. ఆయన నాకంటే బెత్తెడు పొట్టి. అంత కిందికి కొలుచుకుని, తడిగుడ్డ అద్ది, ఆయన మాదిరే నేను చీల్చుకున్న వెదురుపుల్లలో ఇరికించిన సగం బ్లేడుతో మెల్లగా గీరాను. ఇన్నేండ్ల పూతలూ కలిసి అప్పడంలా ఒక్క పొరగా లేచి వచ్చాయి.

ముందు ఆయన వేసిన తీగ కనిపించింది. ఆ తర్వాత పెన్సిలు గీత. గీతకు అవతల పాత తీగ. మొగ్గ, మూడు ఆకులు, ఎడమ వంపు. ఆయన తీగ వచ్చి ఎక్కడా తడబడకుండా పాత తీగలో కలిసింది. ఈ పాతది కూడా తనే వేసి ఉండొచ్చు కదా అని నాకు అప్పుడు కూడా అనిపించింది, దాచను. కానీ ఆ రంగు మీద, కరెంటు రాకముందు గ్యాసు దీపాలు విడిచిన పొగ పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. గుడ్డతో అద్దినా కదల్లేదు. పిడికిలి బిగించి, సందు చేసి, ఒక కన్ను మూసి పలకను చూశాను, గోడను చూశాను. మళ్ళీ పలకను చూశాను. రెండు రంగులని చెప్పడానికి నాకు ఏమీ దొరకలేదు.

"సార్, వచ్చే వారం సున్నం కొట్టేవాళ్ళు వస్తాండారు," అన్నాడు వాచ్‌మన్ వెనక నుంచి. "మీరు గీకినకాడ రెండు పూతలు ఎక్కువ కొట్టమని చెప్తాలే, తెలీదు."

"వద్దప్పా. ఈ పలకంత చోటు వదిలిపెట్టమను."

"ఎవరికోసం సార్? ఈడ చూసేవాళ్ళెవరుండారు?"

జేబులోంచి పెన్సిలు తీసి, మాసిపోయిన గీత మీద మళ్ళీ గీత గీశాను.

"నాలాంటోళ్ళ కోసం," అన్నాను.

ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. తేదీ వేసి, రెండే మాటలు రాశాను.

సున్నం ఆరింది.